పదమూడు కొమ్మల ఎదుట పన్నెండు

మా గద్వాలలో కేబుల్ టీవీ వాళ్లకు సొంత చానల్ ఒకటి ఉండేది. చానల్ అంటే కూరగాయల మార్కెట్ దగ్గర ఒక మేడ మీద రెండు గదులు. ఒకదానిలో తీగలు, పెట్టెలు. రెండోదానిలో గోడకు నీలం గుడ్డ, దాని ముందు టెంట్ హౌస్ నుంచి తెచ్చిన రెండు ఎర్ర కుర్చీలు, మధ్య ఒక టీపాయ్, టీపాయ్ మీద ప్లాస్టిక్ పూలు. ఆ కుర్చీల్లో ఒకదానిలో అప్పుడప్పుడు ఒక పాత సినిమా తార వచ్చి కూర్చునేది.

పెద్ద చానళ్లకు వాళ్లు పిలిస్తే వెళ్లేవారు. మా దగ్గరికి దారిలో వచ్చేవారు. అలంపురం గుడికి పోతూనో, మంత్రాలయం నుంచి తిరిగి వస్తూనో, వనపర్తిలో ఏదో బడి వార్షికోత్సవానికి వచ్చో, చీరల కోసం గద్వాలలో ఆగేవారు. చీరల దుకాణం నుంచి కేబుల్ ఆఫీసుకు కబురు అందేది. ఆఫీసు వాళ్లు వెళ్లి, బతిమాలి, అరగంట కోసం మేడ ఎక్కించేవారు. పన్నెండు గంటల సినిమా నడుస్తుండగానే తెర కింద అక్షరాలు పరుగెత్తేవి: ఈ రోజు నాలుగు గంటలకు ఫలానా వారితో ముఖాముఖి. ఆ అక్షరాలు కనబడగానే మా వీధిలో మగ్గాల చప్పుడు ఒక్కొక్కటిగా తగ్గేది. నాలుగింటికి పూర్తిగా ఆగేది.

మూడేళ్లలో పదిహేడు మంది వచ్చారు. ఇది గుర్తు మీద చెప్తున్న మాట కాదు, రాసుకున్నాను. నాకు చదువు పదో తరగతి దగ్గర ఆగింది, అదీ లెక్కల్లోనే. ఆ తర్వాత ఎవరూ చెప్పకుండా నేర్చుకున్నవీ లెక్కలే. ఏ చీరకు పడుగు ఎంత పొడవు వేయాలి, అంచుకు ఎన్ని పోగులు పట్టాలి, బొమ్మ ఎన్ని గళ్లలో ఇమిడిపోతుంది, ఇవన్నీ గళ్ల కాగితం మీద వేసి ఇవ్వడం నా పని. గద్వాల, అమరచింత మగ్గాల వాళ్లు ఇప్పటికీ వస్తారు. ఏదైనా చూస్తుంటే చేయి ఊరుకోదు. అందుకని ముఖాముఖికి కూడా ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, వచ్చినవారు, ఎన్ని నిమిషాలు, ఎన్ని ఫోన్లు, వాళ్లు చెప్పిన వయసు, పక్కన నేను కట్టిన వయసు.

ఈ చివరి గడి దగ్గరే అమ్మకూ నాకూ పేచీ. ఒకప్పటి నాట్యతార ఒకామె, మొదటి సినిమా నాటికి తనకు పదమూడేళ్లన్నది. పెళ్లి ఎప్పుడయిందో వేరే మాటల్లో చెప్పింది, పెద్ద కొడుకు వయసు ఇంకో మాటలో చెప్పింది. మూడూ కలిపి చూస్తే పెళ్లినాటికి ఆమెకు తొమ్మిదేళ్లు రావాలి.

"ఎట్ల కుదుర్తదమ్మా?" అన్నాను.

"నువ్వేమన్న పెండ్లి చూపులకు పోయినవా?" అన్నది అమ్మ. "ఆమె ఎంతంటే అంత. మూసెయ్ ఆ బుక్కు."

అడిగేవాడు నాగర్‌కర్నూల్ నుంచి బస్సులో వచ్చే ఒక ట్యూషన్ మాస్టరు. ఎవరు వచ్చినా మొదటి ప్రశ్న "మా గద్వాల మీకెలా అనిపించింది?" అనే. మేడ మెట్లు తప్ప ఇంకేమీ చూడనివాళ్లు కూడా చాలా బాగుందనేవారు. తర్వాత ఫోన్లు. ఆత్మకూరు నుంచి ఒకాయన, సినిమా సినిమాకూ చచ్చిపోయే ఒక పాత విలన్‌ను అడిగాడు: "సార్, సచ్చినప్పుడల్ల ఎట్లనిపిస్తది?" విలన్, "ఎండలో ఇసుక మీద వెల్లకిలా పడుకోవాలి బాబూ. ఈగ వాలినా కదలకూడదు. చావుకన్నా అది కష్టం" అన్నాడు. ఆయన్ని చూసి చిన్నప్పుడు బెంచీ కింద దూరినవాణ్ణి నేను. ఆ రోజు ఆయన టీ కప్పు సాసర్ మీద పెడుతుంటే చేయి వణకడం చూశాను.

ఆ వణుకు పెద్ద చానల్ అయితే కత్తిరించేది. ఇక్కడ కత్తిరించేవాళ్లు లేరు. ఫ్యాన్ చప్పుడు, కింద మార్కెట్లో టమాటల కేక, మధ్యలో కరెంటు పోయి వచ్చేసరికి అటు తిరిగి మాట్లాడుతున్న తార, అన్నీ వచ్చేవి. సినిమాలో వాళ్లు మనకు ఎంత దూరమో తెలిసేది కాదు. ఎర్ర కుర్చీలో కూర్చుంటే తెలిసేది. ఆ కుర్చీల్లో మేమూ కూర్చున్నాం కదా, ఎవరి పెళ్లిలోనో. నాకు ఇప్పటికీ ఆ నటుల సినిమాలకన్నా ఆ అరగంటలే ఎక్కువ జ్ఞాపకం. దానికి కారణం ఏ లెక్కతోనూ తేల్చలేకపోయాను.

ఆ పదిహేడు మందిలో పదకొండో ఆమె వల్ల మా ఇంట్లో ఇరవై రెండేళ్లు నడిచిన తగాదా ఒకటుంది.

ఆమె ఒకప్పుడు హీరోయిన్, తర్వాత తల్లి వేషాలు. అప్పటికే జుట్టు నెరిసింది. నెమలికంఠం రంగు పట్టు అంచున్న ఉల్లిపొర రంగు నూలు చీర కట్టుకొని వచ్చి కూర్చున్నది. అమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి, తలుపు దగ్గర నిలబడి రెండు నిమిషాలు చూసింది.

"అది నా చీర" అన్నది.

ఆ రోజు మా మేనత్త అమరచింత నుంచి వచ్చి ఉన్నది. నాన్నకు చెల్లెలు, మాట పదును. "ఏ చీర వదినా?" అన్నది.

"నేను వచ్చిన కొత్తల నేసింది. మొదటి చీర."

అత్త పక్కున నవ్వింది. "ఆ లాభం చీరనా? షావుకారు మొఖాన కొట్టిన చీరను హీరోయిన్ కట్టుకుంటదా?"

లాభం చీర ఏమిటో చెప్పాలి. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచులు పట్టు. పట్టు నూలులోకి మెట్లు మెట్లుగా ఎక్కి, మళ్లీ మెట్లు మెట్లుగా దిగుతుంది. అలా మొనదేలిన బొమ్మను కొమ్మ అంటాం. పన్నెండు మెట్లు ఎక్కి పన్నెండు దిగితే ఒక కొమ్మ. మగ్గం మీద ఇద్దరు ఉంటారు, కుడి అంచు ఒకరిది, ఎడమ అంచు ఒకరిది. ఇద్దరూ మెట్లు ఒకేలా లెక్కపెడితేనే రెండు అంచుల కొమ్మలూ ఎదురెదురుగా నిలుస్తాయి. కుడి వైపు నాన్న. ఎడమ వైపు, పెళ్లయి నెల కాని అమ్మ.

అమ్మది గోపాల్‌పేట. కులం మాదే కానీ వాళ్ల నాన్న నాటికే మగ్గం వదిలి సేద్యంలోకి పోయారు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు వాళ్ల ఇంట్లో మొదటి మానికను లాభం అని పోసి, రెండోదాని నుంచి ఒకటి, రెండు అని లెక్క మొదలుపెట్టేవారట. మగ్గం దగ్గర కూడా అమ్మ నోట్లో అదే లెక్క నడిచిందని అత్త అంటుంది. అప్పటికి పెళ్లి కాని అత్త పక్కనే కండెలు చుడుతూ కూర్చునేది. లాభం, ఒకటి, రెండు అని గొణుక్కోవడం తన చెవులతో విన్నానంటుంది. అట్లా పన్నెండు లెక్కపెడితే మెట్లు పదమూడయ్యాయి. అమ్మ వైపు కొమ్మ పొడుగైంది. నాన్న గమనించి సరిచేసేసరికి కొంగు దాటి గజం పైన నేత అయిపోయింది. విప్పితే పట్టు చిట్లుతుంది, అట్లాగే చీర పూర్తి చేశారు. నూలూ పట్టూ ఇచ్చి కూలికి నేయించుకునే షావుకారు మడత విప్పి, ఎదురు కొమ్మలు కలవలేదని పక్కన పడేశాడు. తర్వాత ఏ మూటలో పెట్టి ఏ ఊరికి పంపాడో ఎవరికీ తెలియదు.

ఇది అత్త చెప్పే కథ. అమ్మ ఒప్పుకోదు. "కొమ్మలన్నీ కల్సినయి. షావుకారు ఊకె వంక పెట్టిండు" అంటుంది. నాన్నను అడిగితే నవ్వి బీడీ వెలిగించేవాడు. ఆయన పోయి పదేళ్లవుతుంది. చెప్పకుండానే పోయాడు.

హీరోయిన్ వచ్చిపోయాక అమ్మ ఇంకొక మాట మొదలుపెట్టింది. ఆమె చీర ముచ్చట కూడా చెప్పిందని, గద్వాల చీరేనని, ముప్పై ఏళ్లుగా దాచుకున్నానన్నదని. నా నోటుబుక్కులో ఆ మాట లేదు. "నువ్వు అంకెలు రాస్తవు, ముచ్చట్లు ఎక్కడ రాస్తవు?" అని అమ్మ కొట్టిపారేసేది. అత్త వచ్చిన ప్రతిసారీ ఒక పూటైనా ఈ గొడవ. పైకి నవ్వులాటే. కానీ అమ్మకు అది నవ్వులాట కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నలభై ఏళ్లు నేసింది అమ్మ. నెలకు రెండు చీరలనుకున్నా తొమ్మిది వందల అరవై. అన్నీ షావుకారు పేరుతో పోయాయి. వాటిలో ఒక్కటి కూడా ఎవరి ఒంటి మీదకు చేరిందో అమ్మ చూడలేదు. చూశానని చెప్పుకుంటున్నది ఆ ఒక్కదాన్నే.

చానల్ మూతపడి చాలా కాలమైంది. ఈ సంవత్సరం ఆ మేడ ఖాళీ చేస్తుంటే ఒక గోనెసంచిలో క్యాసెట్లు బయటపడ్డాయని తెలిసి వెళ్లాను. తీసుకుపొమ్మన్నారు. వనపర్తిలో ఒక ఫోటో స్టూడియో అతని దగ్గర పాత ప్లేయర్ ఇంకా నడుస్తుంది, క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తాడు. బస్సులో సంచి ఒళ్లో పెట్టుకొని పోయాను. పంతొమ్మిదింటిలో ఆరు బూజు పట్టాయి. మిగిలిన వాటిలో పదకొండో ఆమెది ఉంది. నా నోటుబుక్కు ప్రకారం నలభై ఒక్క నిమిషాలు, క్యాసెట్‌లో ముప్పై ఎనిమిదే. మొదటి మూడు నిమిషాలు చెరిగిపోయాయి.

సరిగ్గా ఆ వారమే అత్త కంటి దవాఖాన కోసం గద్వాలకు వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకోదానికి కావాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెన్‌డ్రైవ్ టీవీకి పెట్టాను. ఇద్దరు ముసలమ్మలూ రెండు కుర్చీలు దగ్గరికి జరుపుకొని కూర్చున్నారు.

తెర మీద ఎర్ర కుర్చీ వచ్చింది. ప్లాస్టిక్ పూలు వచ్చాయి. ట్యూషన్ మాస్టరు మొదటి ప్రశ్న చెరిగిపోయిన దాంట్లో పోయింది. హీరోయిన్ నవ్వుతూ మద్రాసు ఎండల గురించి చెబుతున్నది. మేము ఆమెను ముసలిదనుకున్నాం అప్పుడు. ఇప్పుడు చూస్తే నాకన్నా అయిదారేళ్లు పెద్దదంతే.

ముప్పై ఎనిమిది నిమిషాలూ అమ్మ ముందుకు వంగే కూర్చున్నది. తొమ్మిది ఫోన్లు వచ్చాయి. పాటల గురించి అడిగారు, తోటి నటుల గురించి అడిగారు, ఏ కూర ఇష్టమని అడిగారు. చీర గురించి ఆమె ఒక్క మాట అనలేదు.

"ఏది వదినా? దాచుకున్న అన్నదంటివి?" అన్నది అత్త.

"ముందుగాల అన్నది. మొదాలు పోయిందంటుండు గద."

"అబ్బ! గా మూడు నిమిషాలల్ల ఎన్ని ముచ్చట్లు పట్టిస్తవే తల్లీ! మాస్టరు ఊరు ముచ్చట అడగాలె, గామె మంచిగున్నదనాలె, మల్ల చీర గూడనా?"

అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుతూ కూర్చున్నది. ఇరవై రెండేళ్లుగా తాను విన్నానని చెప్పిన మాట తనే కల్పించుకున్నదేమోనని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చినట్టుంది. నాకు ఆ ముఖం చూడబుద్ధి కాలేదు.

"అమ్మా, చీరకు గుర్తేమన్న ఉన్నదా?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"రంగు."

"ఉల్లిపొర మీద నెమలికంఠం ఊరంత నేసిర్రు" అన్నది అత్త. "గుర్తు ఒక్కటే ఉన్నది అల్లుడా. మీ అమ్మ చెప్పదు."

అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్లూ నేను లెక్కలోకి తీసుకోని సంగతి. అమ్మ రెండు మాటలంటున్నది. ఆ చీర నాదే అన్నది ఒకటి. అందులో తప్పు లేదన్నది ఇంకొకటి. రెండూ ఒకేసారి నిలవవు. తప్పు లేని చీరకు గుర్తు లేదు, అది ఎవరిదైనా కావచ్చు. గుర్తు ఉంటేనే అమ్మది. అత్తకూ అంతే, తప్పు ఉందని గెలిస్తే హీరోయిన్ కట్టలేదన్న మాట ఓడిపోవచ్చు. కానీ అమ్మకు ప్రమాదం ఎక్కువ. తప్పు ఒప్పుకున్నాక తెర మీద కొమ్మలు సరిగ్గా కలిసి ఉంటే, చీరా పోతుంది, యాభై ఏళ్ల పంతమూ పోతుంది.

"వద్దులేమ్మా" అని రిమోట్ తీసుకున్నాను.

"ఆగు" అన్నది అమ్మ. అత్త వైపు చూడకుండా, తెర వైపు చూస్తూ చెప్పింది. "కొంగు దాటినంక గజం దాక నా దిక్కు కొమ్మలు పొడుగుంటయి. ఎదురు కలవయి. లెక్కవెట్టు."

అత్త చటుక్కున వదిన వైపు తిరిగింది. 

కూర్చున్నంతసేపూ అంచులు మడతల్లో ఉన్నాయి, పనికిరావు. చివర హీరోయిన్ లేచి నమస్కారం పెట్టి, పక్కకు తిరిగి వెళ్లేటప్పుడు ఫ్యాన్ గాలికి కొంగు, దాని పైన వీపు మీది నేతతో సహా, వెనక్కి విచ్చుకుంటుంది. రెండు అంచులూ కనబడేది అక్కడ మాత్రమే. ఏడోసారికి బొమ్మ సరైనచోట ఆగింది. నా డ్రాయింగ్ పనికి వాడే పలుచటి ప్లాస్టిక్ కాగితం తెర మీద అతికించి, కనబడిన ప్రతి కొమ్మ మొన మీదా పెన్నుతో చుక్క పెట్టాను. క్యాసెట్ బొమ్మ గరుకుగా ఉన్నా కొమ్మలు వేలెడు వెడల్పువి, మొనలు తెలుస్తున్నాయి.

చేయవలసిన లెక్క చిన్నదే. ఒక వైపు కొమ్మకు ఇరవై నాలుగు మెట్లు, ఇంకో వైపు ఇరవై ఆరు అయితే, రెండు మొనలు ఎదురెదురుగా నిలిచిన చోట మొదలుపెడితే, మళ్లీ ఎదురెదురుగా వచ్చేసరికి పొట్టి వైపు పదమూడు, పొడుగు వైపు పన్నెండు ఉండాలి. రెండు వైపులా మూడు వందల పన్నెండు మెట్లే. ఎదురుగా ఉన్న ఒక జత దొరికింది. అక్కడి నుంచి కిందికి పోతే మొనలు కొంచెం కొంచెంగా తప్పుకుంటూ, మధ్యలో ఒకదాని ఎదుట ఒకటి పూర్తిగా సందులో పడి, మళ్లీ దగ్గరవుతూ, ఇంకొక చోట సరిగ్గా కలిశాయి.

ఈ అంచున పదమూడు. ఆ అంచున పన్నెండు.

మూడుసార్లు లెక్కపెట్టాక గానీ చెప్పలేదు. చెప్పగానే అత్త లేచి టీవీ దగ్గరికి వచ్చింది. బాగైన కన్ను అద్దానికి దాదాపు ఆనించి, వేలితో చుక్కలు ఒక్కొక్కటి తాకుతూ తనూ లెక్కపెట్టింది. పై నుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి.

"పదమూడు, పన్నెండే వదినా" అన్నది.

ఇట్లాంటి తప్పు ఇంకొక మగ్గం మీద ఎవరికీ జరగదని అనలేము, ఇది నూటికి నూరు పాళ్లు కాదు అని చెప్పబోయాను. ఆ మాట చెప్పకపోతే నాకు లెక్క పూర్తయినట్టుండదు. అత్త చేయి ఊపింది. "ఊకో. రంగు గదే, తప్పు గదే, ఇంకేం గావాల్నో వీనికి? గామె ఇంటికి పోయి చీర గుంజుకొస్తవా?"

అమ్మ ఆగిన బొమ్మనే చూస్తున్నది. పక్కకు తిరిగి వెళ్లిపోతున్న ఆమె ముఖం అందులో కనబడదు. వీపు, జడ, విచ్చుకున్న కొంగు. "కొంగు మంచిగనే ఆగింది. ఎక్కడ చిట్లలే" అన్నది, తనలో తను.

అత్తకు ఇక నిలువలేదు. ఫోన్ తీసి అమరచింతలో ఉన్న తన బిడ్డకు కలిపింది. చెవి సరిగా వినబడదు కనుక ఫోన్‌లో ఆమె మాట వీధి మొత్తానికి వినబడుతుంది.

"ఏమే, విన్నవా? మీ అత్త నేసిన చీర హీరోయిన్ కట్టుకున్నది. అవు, గామెనే. అంటరంట గాదు, ఇప్పుడే చూసిన, నా కంటితోని. మన ఇంటి చీరనే! ఎంత సక్కగుందనుకున్నవు, ఒక్క వంక పెట్టనీకి లేదు..."

యాభై ఏళ్లు ఆ వంక చుట్టే తిరిగిన మనిషి ఒక్క నిమిషంలో దాన్ని తుడిచేసింది. అమ్మకు మేలు చేస్తున్నాననే అనుకున్నట్టుంది. నేను అమ్మ వైపు చూశాను, సంతోషపడుతుందని. అమ్మ కుర్చీలోంచి చేయి చాచి అత్త కొంగు పట్టి లాగింది.

"వంక ఉన్నది" అన్నది. "ఎదురు కొమ్మలు కలవలే. తప్పు నాదే. అది గూడ చెప్పు దానికి."